పద్దెనిమిది దాటాక ఏడీహెచ్‌డీ: ఎవరి దగ్గరికి వెళ్లాలి?

రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లలకు తెల్లారకముందే బెల్లు మోగుతుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ సబ్జెక్టు ఎంతసేపు చదవాలో అన్నీ టైంటేబుల్లో రాసి ఉంటాయి. స్టడీ అవర్‌లో తల వాలితే లేపడానికి లెక్చరర్ వెనకే తిరుగుతుంటాడు. వారం వారం పరీక్ష, దాని మీద ర్యాంకు. అక్కడ బాగానే నెగ్గుకొచ్చిన కుర్రాడు బీటెక్‌ను స్నేహితుల నోట్సుతో, పరీక్ష ముందు రాత్రుల జాగారంతో గట్టెక్కించి, ఎంఎస్ కోసం డాలస్‌కో షార్లెట్‌కో వస్తాడు. ఇక్కడ బెల్లు మోగదు. అసైన్‌మెంటు గడువు మూడు వారాల తర్వాత ఉంటుంది, ఈలోగా అడిగే నాథుడు ఉండడు. వంట, అద్దె, క్యాంపస్ ఉద్యోగం, ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు అన్నీ తానే చూసుకోవాలి. మొదటి సెమిస్టర్ ముగిసేసరికి జీపీఏ పడిపోయి ప్రొబేషన్ ఉత్తరం చేతికొస్తే, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు తోచేది ఒక్కటే: పరాయి దేశం వెళ్లి వీడు పాడైపోయాడు.

ఆ తీర్పు ఇచ్చేముందు ఒక్కక్షణం ఆగాలి. దీని వెనక ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, అతిచురుకుదనాలకు సంబంధించిన సమస్య ఉండొచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి చదువు అర్థం కాక కాదు ఇబ్బంది. పని మొదలుపెట్టడం, దానికెంత సమయం పడుతుందో అంచనా వేసుకోవడం, మధ్యలో ఇంకో దానిలోకి జారిపోకుండా చివరిదాకా నిలబడటం, వాళ్లకు కష్టమయ్యేవి ఇవి. బయటినుంచి కట్టుదిట్టం ఉన్నంతకాలం ఈ కష్టం పైకి తేలదు. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల విషయంలోనూ ఇంతే. పొద్దున్నే లేపి, హోంవర్కు గుర్తుచేసి, మర్చిపోయిన లంచ్ బాక్సు స్కూలుకు పట్టుకెళ్లిన అమ్మ డార్మిటరీలో ఉండదు. పన్నెండో తరగతి వరకు ‘ఏ’ గ్రేడులు తెచ్చుకున్న పిల్లలైనా ఫ్రెష్‌మన్ ఇయర్‌లో ఉన్నట్టుండి కుంగిపోవడానికి ఇదొక కారణం.

మంచి ర్యాంకు వచ్చింది కాబట్టి ఏడీహెచ్‌డీ ఉండదనుకోవడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. మా రోజుల్లో ఇలాంటివి లేవనడం ఇంకొకటి. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి లక్షణాలున్న పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చాడు. అమెరికా సీడీసీ 2023 లెక్కల ప్రకారం ఆ దేశపు పెద్దవాళ్లలో 6 శాతం మందికి, అంటే సుమారు కోటీ యాభై ఐదు లక్షల మందికి ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయి ఉంది. వాళ్లలో సగానికి పైగా మందికి ఆ సంగతి తెలిసింది 18 ఏళ్లు నిండాకే. ‘పుష్ప’లో భన్వర్ సింగ్ షెకావత్‌గా తెలుగువాళ్లను మెప్పించిన ఫహద్ ఫాజిల్, 41 ఏళ్ల వయసులో తనకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలిందని 2024లో బహిరంగంగానే చెప్పారు. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వైద్య వివరాలను 2016లో హ్యాకర్లు బయటపెట్టినప్పుడు, చిన్నప్పటినుంచీ ఏడీహెచ్‌డీకి మందు వాడుతున్నానని, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆమె నిస్సంకోచంగా ప్రకటించింది.

అనుమానం కలిగిన ఇంట్లో జరిగే మొదటి పని వాట్సాప్ గ్రూపులో అడగడం. “అన్నయ్యా, మన ఊళ్లో మంచి డాక్టరెవరైనా తెలుసా?” అని. మంచి డాక్టరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ పని కోసం వెళ్తున్నామన్నది. ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చడం ఒక పని, మందు రాయడం మరొకటి, రోజువారీ జీవితాన్ని గాడిలో పెట్టుకోవడం నేర్పడం ఇంకొకటి. ఈ మూడూ ఒకే మనిషి చేయడం అరుదు.

సైకియాట్రిస్టు వైద్యుడు. నిర్ధారణ చేస్తారు, మందు రాస్తారు. ఆందోళన, డిప్రెషన్, బైపోలార్ వంటివి కలిసి ఉన్నాయన్న అనుమానం ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లడం క్షేమం. వాళ్ల అపాయింట్‌మెంట్ల కోసం నెలల తరబడి ఆగాల్సి వస్తున్నందువల్ల సైకియాట్రీలో శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్లు ఇప్పుడు ఆ భారం చాలావరకు మోస్తున్నారు. సైకాలజిస్టు డాక్టరేట్ చేసినవారే అయినా వైద్యుడు కాదు. లోతుగా అంచనా వేయగలరు, థెరపీ ఇవ్వగలరు, కొద్ది రాష్ట్రాల్లో తప్ప మందు రాయలేరు. చాలామంది తట్టని తలుపు ఇంకొకటుంది, ఫ్యామిలీ డాక్టరుది. చిక్కులేమీ లేని కేసుల్లో నిర్ధారణ, మందు రెండూ అక్కడే మొదలుపెట్టే ప్రైమరీ కేర్ వైద్యులు ఉన్నారు. తాము చేయకపోయినా ఎవరి దగ్గరికి పంపాలో వాళ్లకు తెలుస్తుంది.

ఏడీహెచ్‌డీ కోచ్‌ల సంగతి వేరు. పనిని ముక్కలు చేసుకోవడంలో, వారం ప్రణాళిక వేసుకోవడంలో మంచి కోచ్ నిజంగా ఉపయోగపడతారు. కానీ ఆ వృత్తికి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఏదీ ఉండదు, ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. నిర్ధారణ అయ్యాక అదనపు సాయంగా కోచ్‌ను పెట్టుకోవచ్చు గానీ వైద్యానికి బదులుగా కాదు.

ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే జాబితాలో పేర్లు బారెడు ఉంటాయి. ఫోన్ చేస్తే సగం మంది కొత్తవాళ్లను తీసుకోవడం లేదంటారు. అందుకే అపాయింట్‌మెంట్ రాయించుకునే ముందే మూడు సంగతులు అడగాలి: పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీని మీరు అంచనా వేస్తారా? ఎలా చేస్తారు, ఎన్ని విజిట్లు పడుతుంది? అవసరమైతే స్టిమ్యులెంట్ మందులు రాస్తారా? ఈ మూడో ప్రశ్న అడగకుండా వెళ్లి, ఆ మందులు రాయకూడదన్నది ఆ క్లినిక్ నియమమని చివర్లో తెలుసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

నిర్ధారణ విషయానికొస్తే, ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, బ్రెయిన్ స్కాన్ లేదు. స్కాన్ తీసి చెబుతామనేవాళ్లకు వేల డాలర్లు పోయనక్కర్లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లలో, ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లోగాని, అతిచురుకుదనం, తొందరపాటులకు సంబంధించిన తొమ్మిదింటిలోగాని కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. చదువు, ఇల్లు, ఉద్యోగం వంటి వాటిలో ఒకటికి మించిన చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో తయారైన 18 ప్రశ్నల ఏఎస్ఆర్ఎస్ ఫారం అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప, దానంతటదే నిర్ధారణ కాదు. అసలు పని జరిగేది వివరమైన ఇంటర్వ్యూలో. నిద్రలేమి, థైరాయిడ్, డిప్రెషన్, గంజాయి, ఒంటరితనం కూడా ఏకాగ్రతను దెబ్బతీస్తాయి కాబట్టి వాటి గురించి కూడా అడిగేవారే సరిగా చూస్తున్నట్టు.

తల్లిదండ్రులు నిజంగా సాయపడగలిగేది ఇక్కడే. పన్నెండేళ్లలోపు సంగతులు ఆ కుర్రాడికేం గుర్తుంటాయి? అమ్మకు గుర్తుంటాయి. బీరువాలో దాచిన ప్రోగ్రెస్ కార్డుల మీద “తెలివైనవాడు, కానీ శ్రద్ధ లేదు”, “క్లాసులో మాటలెక్కువ” అని టీచర్లు రాసిన మాటలుంటే ఫొటో తీసి పంపాలి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న తల్లితో ఫోన్లో మాట్లాడతారా అని డాక్టరును అడగొచ్చు. ఇంగ్లిష్ రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయమనొచ్చు. కొడుకునో కూతురినో మధ్యలో పెట్టి మాటలు తిప్పించడం కంటే అదే మేలు. ఆడపిల్లల విషయంలో ఈ జ్ఞాపకాలు మరీ ముఖ్యం. గంతులేయకుండా, అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అమ్మాయిని బుద్ధిమంతురాలనుకుని వదిలేసినవాళ్లే అందరూ.

న్యూరోసైకలాజికల్ టెస్టింగ్ చేయిస్తేనే నిర్ధారణ అవుతుందనే అపోహ కూడా ఉంది. గంటలకొద్దీ సాగే ఆ పరీక్షలకు చేతినుంచి వేల డాలర్లు పెట్టుకోవాల్సి రావచ్చు. లెర్నింగ్ డిజబిలిటీ కూడా ఉందన్న అనుమానం ఉన్నప్పుడు, లేదా ఎంక్యాట్, ఎల్‌శాట్ వంటి పరీక్షల్లో అదనపు సమయం కోసం వివరమైన రిపోర్టు కావాల్సినప్పుడు వాటికి అర్థం ఉంది. లేకపోతే అవి అందరికీ అవసరం లేదు.

కొన్ని నిమిషాల వీడియో కాల్‌తో నిర్ధారణ, ఆ సాయంత్రమే మందు అనే సంస్థల విషయంలో జాగ్రత్త. స్టిమ్యులెంట్లను ఆన్‌లైన్లో అడ్డగోలుగా రాయించారన్న అభియోగంపై 2024 జూన్‌లో అమెరికా న్యాయశాఖ ఒక టెలీహెల్త్ కంపెనీ అధినేత్రిని అరెస్టు చేయించింది. అంతమాత్రాన వీడియో వైద్యమంతా తప్పని కాదు. దగ్గర్లో నిపుణులు లేని ఊళ్లలో అదే దిక్కు. బీపీ చూశారా, గుండె జబ్బుల కుటుంబ చరిత్ర అడిగారా, తర్వాతి నెల మళ్లీ చూస్తామన్నారా అన్నదే కొలమానం.

మందులంటే మనవాళ్లకు భయం. మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమైన్ రకం స్టిమ్యులెంట్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉన్నందువల్లే అమెరికాలో వాటిని షెడ్యూల్ 2లో పెట్టి, రీఫిల్ లేకుండా ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలన్నారు. స్టిమ్యులెంట్ పడనివాళ్లకు అటమాక్సిటీన్ వంటివి ఉన్నాయి. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 17,408 మంది రికార్డులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మగవాళ్లు మందు వాడుతున్న కాలంలో తీవ్రమైన రవాణా ప్రమాదాలు 58 శాతం తక్కువగా కనిపించాయి. రోజూ హైవే మీద కారు నడిపే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ అంకెను పట్టించుకోవాలి. మందు ఒక్కటే అన్నీ చక్కదిద్దదన్నదీ నిజమే. మందు వాడుతున్నా ఇబ్బందులు మిగిలిపోయిన 86 మంది పెద్దలతో స్టీవెన్ సాఫ్రెన్ బృందం మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పరిశోధన చేసి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఏడీహెచ్‌డీ కోసమే రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) తీసుకున్నవాళ్లు రిలాక్సేషన్ పద్ధతులు నేర్చుకున్నవాళ్లకంటే ఎక్కువ మెరుగయ్యారు. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీకి సీబీటీ ఇచ్చిన అనుభవం ఉందా అని అడగడం అందుకే.

పద్దెనిమిది నిండిన నాటినుంచి చట్టం దృష్టిలో పేషెంటు ఆ కుర్రాడే. అతను ఒప్పుకోనిదే, వైద్య వివరాల గోప్యతను కాపాడే హిప్పా చట్టం వల్ల డాక్టరు తల్లిదండ్రులకు వివరాలు చెప్పరు. కానీ వాళ్లు చెప్పేది వినకూడదని ఆ చట్టం ఎక్కడా అనలేదు. ఇంట్లో గమనించినవి రాసి పంపొచ్చు. హైస్కూల్లో ఉన్న ఐఈపీ (ప్రత్యేక విద్యా ప్రణాళిక) కాలేజీకి రాదు. అక్కడ వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం ఉన్న ఏడీఏ, సెక్షన్ 504 చట్టాల కింద పరీక్షకు అదనపు సమయం వంటివి దొరుకుతాయి గానీ, డిజబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు విద్యార్థే వెళ్లి అడగాలి. తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో 26 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చన్నది ఇక్కడి పిల్లలకు పెద్ద ఊరట.

ఎఫ్-1 వీసా మీద వచ్చిన పిల్లలకు ఆ ఊరట లేదు, యూనివర్సిటీ హెల్త్ ప్లానే ఆధారం. వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన వెసులుబాటు ఒకటుంది. వైద్య కారణాల మీద లైసెన్సున్న వైద్యుడో క్లినికల్ సైకాలజిస్టో లేఖ ఇస్తే, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలలకు మించకుండా కోర్సుల భారం తగ్గించుకోవడానికి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) అనుమతించవచ్చు. అనుమతి చేతికొచ్చాకే కోర్సు వదలాలి. ముందే డ్రాప్ చేస్తే స్టేటస్‌కే ముప్పు. ఏ రూమ్మేటో చెప్పిన మాట నమ్మి ఇక్కడ తొందరపడకూడదు.

భారతదేశానికి వెళ్లేటప్పుడు మందు విషయంలో ముందుచూపు కావాలి. అమెరికాలో ఎక్కువమంది వాడే ఆడెరాల్ అక్కడి షాపుల్లో అమ్మరు. మిథైల్‌ఫెనిడేట్ దొరుకుతుంది గానీ, మాదకద్రవ్యాల నియంత్రణకు ఉద్దేశించిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఉన్నందువల్ల అన్ని మందుల షాపుల్లోనూ ఉండదు. అసలు సీసా, ప్రిస్క్రిప్షన్, డాక్టరు లేఖ చేతిసంచిలో ఉంచుకోవాలి. ఎవరితోనో పంపించడం, కొరియర్ చేయడం చట్టంతో చెలగాటం. దుబాయ్‌లో ఆగి ఊరు చూద్దామనుకుంటే యూఏఈ అనుమతి ముందే తీసుకోవాలి. ఇండియాలో ఉన్న తమ్ముడికో మేనకోడలికో ఇదే అనుమానం ఉంటే, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్హాన్స్ ఉన్నాయి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి.

నిపుణుడు దొరికాక కూడా మారాల్సి రావచ్చు. చెప్పింది వినకుండా “మీ కల్చర్‌లో చదువు ఒత్తిడి ఎక్కువ” అని కొట్టిపారేసే డాక్టరు దగ్గర ఉండిపోనక్కర్లేదు. ఇక మన పిల్లలు చదువైపోగానే ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోతారు. డాలస్ నుంచి సియాటిల్ మారితే టెక్సస్ థెరపిస్టు చాలాసార్లు చూడలేరు, లైసెన్సు రాష్ట్రానికి పరిమితం. సైకాలజిస్టులకు మాత్రం సైప్యాక్ట్ ఒప్పందంలో చేరిన రాష్ట్రాల మధ్య వీడియోలో చూసే వీలుంది. కొత్త ఊళ్లో సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటుకు నెలలు పట్టొచ్చు, చేతిలోని సీసా ముప్ఫై రోజులకే ఖాళీ అవుతుంది. అందుకే ఆఫర్ లెటర్ వచ్చిన వారంలోనే కొత్త ఊరి క్లినిక్‌లకు ఫోన్లు మొదలుపెట్టి, నిర్ధారణ రిపోర్టు, ఇప్పటిదాకా వాడిన మందులు, డోసుల వివరాలు, అంతకుముందు పడని మందుల పేర్లు పాత క్లినిక్ నుంచి కాపీ తీసుకుని దగ్గర పెట్టుకోవాలి.