అగ్గువ గింజ ఎంత పిరం?

రోహిణి కార్తె వచ్చిందంటే ఊర్లల్ల రెండు రకాల పత్తి గింజలు తిరుగుతయి. ఒకటి దుకాణంల సీలు వేసిన సంచి. రెండోది ఇంటికాడికే వచ్చే లూజు గింజ. సంచిది పిరం, లూజుది అగ్గువ. బిల్లు లేదు, బోర్డు లేదు, తెచ్చేటోడు తెలిసినోడే. "పైసలు పంట చేతికొచ్చినంక ఇయ్యి" అని గూడ అంటడు. ఏది కొనాలె అన్నది చిన్న ముచ్చట కాదు. ఐదెకరాల రైతుకు ఏడాది బతుకు ఆ ఒక్క బేరంల ఉంటది.

అగ్గువకు ఎగబడుతరని రైతును తిట్టుడు అల్కటి పని. తిట్టేటోడు గూడ బజారుకు పోతే నాలుగు దుకాణాలు తిరిగే కొంటడు. అగ్గువ కోరుడు తప్పేం గాదు. అడగాల్సింది వేరే ఉన్నది: ఈ అగ్గువ ఎక్కడికెళ్లి వచ్చింది? నడుమ దళారి తగ్గితే వచ్చిందా, సర్కారు సబ్సిడీ ఇస్తే వచ్చిందా, లేకుంటే చేయాల్సిన పరీక్ష చేయకపోతే వచ్చిందా? మొదటి రెండైతే కండ్లు మూసుకొని కొనొచ్చు. మూడోదైతే ఆగాలె.

ముందు సంచి లెక్క చూద్దాం. బీటీ పత్తి విత్తనానికి గరిష్ఠ ధర కంపెనీ ఇష్టం గాదు. 2015ల వచ్చిన పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రమే ఏటా నిర్ణయిస్తది. 475 గ్రాముల బీజీ-2 సంచి 2024ల 864 రూపాయలు, 2025 వానకాలానికి 901 రూపాయలు. ఏ కంపెనీదైనా ఇంతకన్న ఎక్కువ అమ్మొద్దు. ఎకరానికి రెండు సంచులనుకుంటే ఐదెకరాలకు పది సంచులు, 9,010 రూపాయలు.

లూజు గింజ సంచికి 300 తక్కువకు దొరికిందనుకుందాం. పది సంచుల మీద 3,000 మిగులుతయి. పేద ఇంట్ల మూడు వేలు చిన్న పైసలు గావు. అది ఒప్పుకోవాలె.

ఇప్పుడు అదే గింజ మొలక తప్పిందనుకుందాం. మళ్ల పది సంచులు కొనాలె, 9,010. మళ్ల గింజలు పెట్టుడుకు కైకిలి ఎకరానికి వెయ్యి వేసుకుంటే 5,000. మొత్తం 14,010. అంటే ఏటా మూడు వేల లెక్కన ఐదేండ్లు మిగిలిన 15,000లకెళ్లి ఒక్క ఏడు మొలక తప్పితే 14,010 పోతయి. ఐదేండ్లకు చేతుల ఉండేది 990 రూపాయలు. ఆలస్యంగ పెట్టిన పత్తికి తగ్గే దిగుబడి ఇందుల కలపలేదు.

ఇది గూడ చిన్న నష్టమే. మొలవని గింజ పది రోజుల్ల బయటపడ్తది, ఇంక అదును ఉంటది. మొలిచి, ఏపుగ పెరిగి, కాయ వట్టని గింజ అసలు ముంచుతది. అప్పటికి ఎరువు వోసినం, మందు గొట్టినం, కలుపు తీయించినం. సెప్టెంబరుల తెలిస్తే ఏం జేస్తం?

అట్లెందుకు అయితది? మనం పెట్టేది హైబ్రిడ్ పత్తి. ఆడ, మగ మొక్కలను వేర్వేరు సాళ్లల్ల పెంచి, మగ పూల పుప్పొడిని ఆడ పూలకు చేత్తోని అద్దితే వచ్చే గింజ అది. గద్వాల దిక్కు నడిగడ్డల వేల మంది చేసే పని ఇదే. ఆ గింజను మళ్ల పొలంల పెంచి, అన్ని మొక్కలు ఒక్క తీరుగ ఉన్నయా అని చూస్తరు. అది జన్యు స్వచ్ఛత పరీక్ష. మొలక పరీక్ష వేరే. పత్తి హైబ్రిడ్‌కు నూటికి కనీసం 75 మొలవాలె. పరీక్షల ఫెయిలైన గింజను విత్తనంగ అమ్మొద్దు. కని చూపుకు అది గూడ పత్తి గింజే. రంగు అద్ది సంచిల పోస్తే తేడా తెల్వది.

ఇంకో రకం లూజు గింజ జిన్నింగు మిల్లుకెళ్లి వచ్చేది. అది మనం పోయినేడు పండించిన పత్తిల గింజే. హైబ్రిడ్ పంటల గింజను మళ్ల నాటితే మొక్కలు ఒక్క తీరుగ రావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాస్తది, ఒకటి కాయది. మిల్లుల నూనెకు పోయే గింజ చేన్లకొస్తే లాభం అమ్మినోనికే.

మూడోది "బీజీ-3" అని, "గడ్డిమందు పత్తి" అని అమ్మేది. మన దేశంల 2002ల మొదటి బీటీ పత్తికి, 2006ల బీజీ-2కు అనుమతి వచ్చింది. గడ్డిమందును తట్టుకునే పత్తికి ఇప్పటిదాక అనుమతి లేదు. అయినా రైతు ఎందుకు కొంటడు? కలుపు కైకిలి మోయలేక కొంటడు. ఆ బాధ నిజమే. కని బిల్లు లేని గింజల ఆ గుణం ఉన్నదో లేదో ఎవలు చెప్తరు? లేకుంటే గ్లైఫోసేట్ కొట్టినంక గడ్డితో పాటు పత్తి గూడ మాడుతది. పైగ గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022ల కేంద్రం కట్టడి పెట్టింది. గింజకూ దిక్కు లేదు, మందుకూ దిక్కు లేదు.

అట్లని పిరమైనదల్లా మంచిదని గాదు. ఏటా ఒకటి రెండు కంపెనీల గింజకు గిరాకీ లేపి, బ్లాకుల ధర పెంచి అమ్ముతరు. బీజీ-2 అన్నింటిల ఉండే బీటీ గుణం ఒక్కటే. తేడా హైబ్రిడ్‌ల ఉంటది, మన నేలకు, మన నీళ్లకు అది సరిపోవుట్ల ఉంటది. ఎమ్మార్పీ దాటి ఇచ్చిన పైసలతోని నాణ్యత రాదు. ఒక్క పేరు కోసం కొట్లాడకుండ రెండు మూడు రకాలు పెట్టుకుంటే ఒకటి తప్పినా ఇంకోటి నిలుస్తది.

అట్లనే అగ్గువైనదల్లా నాసి గాదు. పచ్చిరొట్టకు సర్కారు సబ్సిడీ మీద ఇచ్చే జీలుగ, జనుము అగ్గువకే వస్తయి, పరీక్ష అయ్యే వస్తయి. తెలంగాణ సోనా అసొంటి వరి సూటి రకం. మంచి మడిల కేళీలు ఏరేసి, ఎండబెట్టి దాచుకుంటే రెండు మూడు పంటలకు మన ఇంటి గింజే సరిపోతది. పెసర, మినుము గూడ అంతే. ఆడ పైస ఖర్చు లేదు, నాణ్యత మన చేతులనే ఉంటది. హైబ్రిడ్‌కు, సూటి రకానికి ఈ తేడా తెలిస్తే ఏడ పైస ఆపుకోవాలె, ఏడ పెట్టాలె అన్నది తెలుస్తది.

ఇగ దుకాణం సంగతి. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అమ్మేటోనికి లైసెన్సు ఉండాలె. సరుకు, ధరల బోర్డు పెట్టాలె. బిల్లు ఇయ్యాలె. ఆ బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు, సంచుల లెక్క, ధర రాయించుకోవాలె. సంచి మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాక చెల్లుతదో చూడాలె. ఇంటికొచ్చినంక నూరు గింజలు లెక్కవెట్టి తడి గోనెసంచిల చుట్టి, వారం రోజులు తడి ఆరకుండ చూస్తే ఎన్ని మొలిచినయో కండ్లముందే తేలుతది. డెబ్బై అయిదు దాటితే మంచిదే. బాగ తగ్గితే విత్తకముందే అధికారి దగ్గరికి పోవచ్చు. ఖాళీ సంచిని, దాని ట్యాగును పంట తీసేదాక పారేయొద్దు.

ఎందుకంటే ఆ కాగితమే మన హక్కు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసుల 2012ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల కోర్టుకు పోవచ్చు. ల్యాబు పరీక్షకు గింజలు ఎందుకు దాయలేదని రైతును తప్పువట్టుడు గూడ చెల్లదన్నది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలనే కేసు వేయొచ్చు, రెండేండ్ల లోపు వేయాలె. మన సరుకు విలువ ఐదు లక్షల లోపు గనుక ఫీజు లేదు. ముందుగాల మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి చేను చూపించాలె, ఫోటోలు తీయాలె. 1915 నంబరుకు గూడ ఫోన్ చేయొచ్చు. లూజు గింజ కొన్నోనికి ఈ తొవ్వల నడువుడు మస్తు కష్టం. ఎవల మీద వేస్తడు? ఏం చూపిస్తడు? 300 అగ్గువల మనం అమ్ముకునేది ఈ హక్కునే.

ఇంత తెలిసినా కొందరు లూజే కొంటరు, ఎందుకంటే వాళ్లకు దుకాణం ఎంచుకునే స్వేచ్ఛ లేదు. కౌలు రైతుకు పట్టా ఉండదు, బ్యాంకు లోను రాదు. మే నెలల చేతుల రొక్కం ఉండదు. ఉద్దెర ఎవడిస్తే ఆని గింజే కొనాలె. మిత్తి అంటడు, పత్తి తనకే తూకం వెయ్యాలంటడు. ఆ రెండు కలిపితే గింజ అగ్గువ గానే గాదు. ఉద్దెర తీసుకునేటోళ్లు గూడ ధర, మిత్తి, పత్తి ఎవలకు అమ్మాలె అన్న మూడింటినీ ఒక్కకాడ రాసి లెక్క చూసుకోవాలె.

ఏటా మే, జూన్ల టాస్క్‌ఫోర్సు దాడులు చేస్తది, లూజు గింజలు పట్టుబడ్తయి, పేపర్ల ఫోటోలు వస్తయి. దాడులు కావాల్సిందే. కని రొక్కం లేని రైతు ఉన్నంత కాలం లూజు గింజకు గిరాకీ ఉంటది. కౌలు రైతును గుర్తించి మేలనే లోను ఇస్తే, సహకార సంఘంల బిల్లుతోని ఉద్దెర మీద సంచి దొరికితే, ఇంటింటికి తిరిగేటోని బేరం దానంతటదే పడిపోతది. ఊరి గ్రామసభల, రైతు వేదికల ఈ సీజనుకు ముందే అడగాల్సింది ఇదే. అడిగేదాక, కొన్న ప్రతి సంచికి బిల్లు తీసుకునుడు మర్వొద్దు.