ఊపిరి పీల్చే పాత టార్చి

పాత గ్యాస్ వెల్డింగ్ టార్చి కొనేవాళ్లు ముందు ఇత్తడి ఒంటిని చూస్తారు, తర్వాత వాల్వులు తిప్పి చూస్తారు. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవలసింది, అది ఎంత ఒత్తిడి గ్యాస్ కోసం పుట్టిందన్నది. ఆ తేడా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1892లో అమెరికాలోని నార్త్ కరోలినాలో థామస్ విల్సన్ విద్యుత్ కొలిమిలో కాల్షియం లోహం తీయబోతే కాల్షియం కార్బైడ్ వచ్చింది. మనదగ్గర మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ అదే. నీళ్లు తగిలితే చాలు, ఎసిటిలీన్ పుడుతుంది. దాన్ని ఆక్సిజన్‌తో మండిస్తే 3,000 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి వస్తుందని 1895లో ఫ్రాన్స్‌లో లె షటెల్యే చూపించాడు. 1903 నాటికి ఫూషే, పికార్ ఆ మంటను చేత్తో పట్టుకునేలా టార్చిలో బిగించారు.

చిక్కల్లా ఒత్తిడితోనే. కార్బైడ్‌కు నీళ్లు తగిలించి ఎసిటిలీన్ తీసే జనరేటర్ నుంచి వచ్చే గ్యాస్‌కు ఒత్తిడి చాలా తక్కువ. సిలిండర్ ఆక్సిజన్‌దేమో ఉరవడి. ఆ ఉరవడినే పనికి పెట్టింది ఇంజెక్టర్. సన్నని రంధ్రంలోంచి ఆక్సిజన్ దూసుకుపోతుంటే దాని చుట్టూ ఒత్తిడి పడిపోయి, ఎసిటిలీన్ తనంతట తానే లోపలికి లాగబడుతుంది. తర్వాత, ఎసిటోన్‌లో కరిగించిన ఎసిటిలీన్ సిలిండర్లలో వచ్చింది. దాంతో రెండు గ్యాస్‌లూ సమాన ఒత్తిడితో కలిసే టార్చిలు వాడుకలోకొచ్చాయి. పైకి రెండు రకాలూ ఒకేలా కనిపించవచ్చు.

ఇంజెక్టర్ రకమైతే దాని ఆరోగ్యం వేలితోనే తెలుస్తుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఎసిటిలీన్ గొట్టం ఊడదీసి, ఆక్సిజన్ మాత్రం ఇచ్చి, రెండు వాల్వులూ తెరవాలి. ఎసిటిలీన్ ద్వారం దగ్గర వేలు పెడితే లోపలికి లాగుతున్నట్టు ఉండాలి. ఎదురు తోస్తోందంటే నాజిల్లో కానీ లోపల కానీ అడ్డుంది. అలాంటి టార్చిని వెలిగించకూడదు, ఆక్సిజన్ ఎసిటిలీన్ గొట్టంలోకే పోతుంది. సమాన ఒత్తిడి టార్చికి ఈ పరీక్ష వర్తించదు.

నాజిళ్లు ఆ టార్చి తయారీదారువే దొరుకుతాయో లేదో కొనకముందే చూసుకోవాలి. వేరే కంపెనీది మర చుట్టుకున్నంత మాత్రాన లోపలి సీటుకు సరిగ్గా కూర్చుంటుందని కాదు. రబ్బరు గొట్టాలు పాతవి వద్దే వద్దు. మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు కొత్తవి తప్పక బిగించాలి. వాల్వు బిగుసుకుందని నూనె చుక్క వేయడం ప్రాణాంతకం, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అంటుకుంటుంది. లీకులు సబ్బునీటి నురగతోనే పట్టాలి. గొట్టంలో ఎసిటిలీన్ ఒత్తిడి ఒక బార్ దాటనివ్వకూడదు, ఆక్సిజన్ లేకపోయినా అది విచ్ఛిన్నమై పేలగలదు.

కటింగ్ టార్చి సంగతి కొంచెం వేరు. అక్కడ చుట్టూ ఉన్న చిన్న మంటలు ఇనుమును ఎర్రగా కాల్చడానికే, కోసేది మధ్యలోని ఆక్సిజన్ ధార. ఎర్రబడ్డ ఇనుము ఆ ధారలో నిజంగానే మండి ఆక్సైడ్ అవుతుంది. ఆ ఆక్సైడ్ ఇనుముకంటే తక్కువ వేడికే కరిగి కారిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద క్రోమియం ఆక్సైడ్ అలా కరగదు కాబట్టే మామూలు గ్యాస్ కటింగ్‌కు అది లొంగదు. కోత అంతా ఆ ఆక్సిజన్ ధారదే కాబట్టి, పాత కటింగ్ టార్చిలో దాన్ని తెరిచే లీవరు వదిలినప్పుడు ఆక్సిజన్ పూర్తిగా ఆగాలి, నొక్కినప్పుడు ధార సూటిగా పోవాలి. మధ్య రంధ్రం అంచు అరిగిపోయిన నాజిల్ గరుకు కోతే ఇస్తుంది, దాన్ని మార్చాల్సిందే.