చూపు లెక్క తేలింది.. వైద్యం ఊరికి చేరింది

చూపు మందగిస్తే "వయసు మీద పడింది, ఇంతేలే" అని సరిపెట్టుకునే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బియ్యంలో రాయి కనబడదు. గట్టు మీద అడుగు తడబడుతుంది. అయినా ఆస్పత్రికి పోరు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారికి పోయే కూలి తలచుకుని వెనుకాడతారు. ఈ చీకటిలో సగానికి పైగా తొలగించగలిగినదేనని పాతికేళ్ళ క్రితమే లెక్కలతో సహా తేలింది.

ఇంటి ముంగిట పరీక్షలు

డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిని నెలకొల్పారు. వచ్చినవారికి వైద్యం సరే, రానివారి సంగతేమిటి? అది తేల్చేందుకు 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌తో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లో 10,293 మంది కళ్ళు పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదు. అలాంటివారు వందమంది ఉంటే అరవై మందికి కారణం కంటి శుక్లమో, కళ్ళద్దాలు లేకపోవడమో!

మరో చేదు నిజం కూడా బయటపడింది. శుక్లం తీయించుకున్న కళ్ళలోనూ చాలావాటికి సరైన చూపు రాలేదు. శిబిరంలో ఎన్ని ఆపరేషన్లు చేశారన్నదే లెక్క అయితే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. ఎన్ని ఎకరాలు దున్నామన్నది కాదు, గాదెలోకి ఎన్ని గింజలు వచ్చాయన్నది ముఖ్యం కదా!

పల్లెలోనే అద్దాలు

ఆస్పత్రివారు పల్లెబాట పట్టారు. 1996లో ఆనాటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో తొలి గ్రామీణ కంటి ఆస్పత్రి వెలిసింది. తర్వాత సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న కంటి కేంద్రాలు పెట్టారు. స్థానిక యువతీ యువకులకే ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి అక్కడ నియమించారు. అద్దాలతో సరిపోయేవారికి అక్కడే ఇస్తారు. శుక్లం ముదిరినవారిని పెద్ద కేంద్రానికి పంపుతారు. పేదలకు అక్కడ ఖర్చు లేకుండా ఆపరేషన్ చేస్తారు.

కాగితం చీటీల స్థానంలో కంప్యూటర్ వచ్చాక రోగి వివరాలు పోయే భయం తగ్గింది. పల్లెలో తీసిన కంటి ఫొటోను దూరాన ఉన్న డాక్టరు చూసి సలహా చెప్పగలుగుతున్నారు. ఆపరేషన్‌కు ముందు చూపు ఎంత, తర్వాత ఎంత అన్నది పోల్చి చూడటం తేలికైంది.

మీరూ అడగండి

ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఆపరేషన్‌కు ముందు చూపు ఎంత ఉందో చీటీలో రాయించుకోండి. తర్వాత చెప్పిన రోజున మళ్ళీ వెళ్ళి పరీక్ష చేయించుకోండి. చూపు మెరుగుపడకపోతే కారణం అడగండి. చీటీలు పారేయకండి. మధుమేహం ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలి. ఇంట్లో పెద్దవారు తడుముకుంటూ నడుస్తుంటే వయసుమీద నెపం వేయకండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.