బల్లమీద నౌపడా జంక్షను

నౌపడా స్టేషనులో ఒకప్పుడు రెండు రైలుమార్గాలు ప్రక్కప్రక్కన ఉండేవి. ఒకటి మద్రాసు–హౌరా ప్రధానమార్గం. దాని పట్టాల నడుమ ఎడము 5 అడుగుల 6 అంగుళాలు. రెండవది పర్లాకిమిడి రాజావారు నిర్మింపజేసిన చిన్నరైలు. దాని ఎడము 2 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపురం వరకు సాగిన ఆ చిన్నమార్గం 2004లో మూతపడినది. 2011 నాటికి దాని స్థానమున గుణుపురం దాకా పెద్దలైను వచ్చినది. చిన్నరైలును మరల కదలుచుండగా చూడగోరువారికి ఇక నమూనాయే శరణ్యం.

నమూనాకు మొదట తేల్చుకొనవలసినది స్కేలు. ప్రపంచమున అధికంగా వాడుకలోనున్నది 87వ వంతు. ఆ లెక్కన చిన్నరైలు పట్టాల ఎడము 8.76 మిల్లీమీటర్లు కావలెను. బజారులో 9 మిల్లీమీటర్ల పట్టాలు దొరకును. తేడా కంటికి ఆనదు. పెద్దలైనుకు 19.26 మిల్లీమీటర్లు కావలెను, దొరకునవి 16.5 మిల్లీమీటర్లవి. అవి ఐరోపా రైళ్ల కొలతకు చేసినవి. కనుక పెద్దలైనును స్వయంగా అమర్చుకొనవలెను, లేదా ఆ లోపముతో సరిపెట్టుకొనవలెను.

రెండవది నిడివి. నౌపడానుండి గుణుపురం సుమారు 90 కిలోమీటర్లు. 87వ వంతుకు కుదించినను కిలోమీటరుకు మించును! అంత మార్గం ఏ ఇంటిలో పట్టును? కావున ఒక జంక్షను, ఒక చిన్న స్టేషను ఎన్నుకొని తక్కినవి విడువవలెను.

అన్నిటికంటె చిక్కైనది మలుపు. మన దేశమున పెద్దలైనుకు అనుమతించిన మిక్కిలి బిగువైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. నమూనాలో అది రెండు మీటర్లు. రైలు వెనుదిరుగుటకే 13 అడుగుల వెడల్పు కావలెను. చిన్నరైలుకు 44 మీటర్ల వ్యాసార్ధం చాలును. నమూనాలో అది 20 అంగుళాలు. నాలుగడుగుల బల్లమీద సుఖంగా తిరుగును.

ఇక పథకం దానంతట అదే ఏర్పడును. చూచువాడు సముద్రమువైపు నిలుచును. ముందు నౌపడా ఉప్పుమళ్ళు. వాటి వెనుక, బల్ల అంచువెంట, పెద్దలైను తిన్నగా సాగును. కుడిచేత పలాస, ఉద్దానం కొబ్బరితోటలు. ఆ రైళ్లు రెండు కొసల తెరచాటునకు పోవును. చిన్నరైలు మాత్రం జంక్షనులో బయలుదేరి, అర్ధవలయంగా తిరిగి, వెనుకనున్న టెక్కలి చేరును. గోడమీద తూర్పుకనుమల నీలిరేఖ.

దిక్కులలోను, దూరాలలోను రాజీ తప్పలేదు. కాని చిన్నరైలు ఎడము, మలుపు రెండును నిజమైనవే. తక్కువ ఖర్చుతో, తక్కువ చోటులో ఒదుగుటకే అట్టి రైళ్లు పుట్టినవి. నాడు సంస్థానమునకు అక్కరకు వచ్చిన ఆ గుణమే నేడు దానిని ఒక గదిలో బ్రతికించగలదు.