పిల్లలకి మాయల నవలలు

సెలవులిచ్చారు కదండీ! మన మేడ్చల్ ఇళ్ళల్లో పదమూడేళ్ళ పిల్లలు ఇంగ్లీషు ఫేరీల నవలలు గడగడా చదివేస్తారు. తెలుగు పేజీ ఇస్తే మాత్రం కూడబలుక్కుంటారు. మాయలంటే ఇష్టం ఉందిగా, అదే మనకి ఆధారం.

దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' 1954లో 'చందమామ'లో మొదలైంది. తర్వాత మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం. పత్రికలో ఆయన పేరైనా వేసేవారు కాదు, పాపం! ఎవరో ఒకరు ఆపదలో చిక్కుకోగానే భాగం ఆగిపోయేది, నెల్లాళ్ళు ఎదురుచూపే. తర్వాత ఇవి పుస్తకాలుగానూ వచ్చాయి.

నాలుగిళ్ళ పిల్లల్ని పోగుచేసి పందెం పెట్టండి. రోజుకి ఒక్క భాగమే, అదీ పైకి చదవాలి. ఆ పైన ఏమవుతుందో చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. మర్నాడు చదివాక విప్పాలి. పేజీల లెక్క మాత్రం వద్దు, పేజీలు దాటేస్తారు. పెద్దవాళ్ళూ చీటీలు వెయ్యొచ్చు. మా ఇంట్లో రోజూ అత్తగారే గెలిచారు. ఆవిడ చిన్నప్పుడే చదివేశారట లెండి!