స్లాబు సెగ... మిద్దె చలువ

ఏప్రిల్ నాలుగో వారంలో బెంగళూరు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం నిలబడితే మనిషి నీడ కాళ్ల కిందే ఒదిగిపోతుంది. 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఈ ఊరికి వేసవిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఆ రోజుల్లోనే. 2016లో ఆ వారంలోనే పాదరసం 39.2 డిగ్రీలు తాకింది. 2024 ఏప్రిల్ 28న 38.5 డిగ్రీలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మామిడి జల్లులు కూడా మొహం చాటేశాయి. ‘బెంగళూరులో ఫ్యాను కూడా అక్కర్లేదు’ అని ఒకప్పుడు సొంతూళ్లో గొప్పగా చెప్పుకున్నవాళ్లే ఇప్పుడు వాయిదాల మీద ఏసీ కొంటున్నారు.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఎండ గోడల మీద కన్నా కప్పు మీదే ఎక్కువ పడుతుంది. ఈ ఊళ్లో కప్పంటే కాంక్రీటు స్లాబే. పొద్దంతా తాగిన వేడిని అది రాత్రి మెల్లగా గదుల్లోకి దింపుతుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి పదింటికి ఫ్యాను వేసినా దిగేది ఆ సెగే. అదే సమయంలో బయట గాలి చల్లబడుతూ ఉంటుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి, మండే ఏప్రిల్‌లోనూ తెల్లవారుజాముకు 22, 23 డిగ్రీలకు దిగుతుంది. విజయవాడకు, చెన్నైకి లేని వరమిది. చల్లదనం కిటికీ అవతలే ఉంది. దాన్ని లోపలికి రానిచ్చే ఇళ్లే తగ్గిపోయాయి.

పగలు భగ్గున మండి రాత్రి చల్లబడే నేలలో ఇల్లెలా కట్టాలో బెంగళూరుకు ఉత్తరాన, సరిహద్దు దాటగానే ఉన్న రాయలసీమకు బాగా తెలుసు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డు ఇసుక దిబ్బలై పొలాల మీదికి పాకుతోంది. ఆ నేల మీద పుట్టిందే చౌడు మిద్దె. మందపాటి రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆపైన మట్టి దట్టించి, అన్నిటికన్నా పైన చౌడు పోస్తారు. వానలో చౌడు బిగుసుకుని నీళ్లు దిగనివ్వదు. ఎండలో ఆ మట్టి మందమంతా వేడెక్కేసరికే పొద్దు వాలుతుంది. మిద్దెలో అక్కడక్కడా వదిలిన గవాచి అనే కన్నం గుండా వెలుతురు దిగుతుంది, పైకి చేరిన వేడిగాలి బయటపడుతుంది. వానొస్తే దాని మీద ఓ బండ మూస్తారు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయించాలి. ఆ చాకిరీకి ఓపిక లేకే చాలా ఊళ్లలో మిద్దెలు కూల్చి స్లాబులు వేశారు. ఎండాకాలపు నిద్ర కూడా మిద్దెలతోనే పోయింది.

మిద్దెకు మళ్లీ పోదామని అనడం సులువు. ముప్పై అడుగులకు నలభై అడుగుల సైటులో మూడంతస్తులు లేపాల్సిన మధ్యతరగతికి అది కుదరని పని. కానీ మిద్దెలోని ఆలోచనను నగరానికి పనికొచ్చేలా మలిచినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి చొరవతో 1974లో ‘అస్త్ర’ అనే విభాగం మొదలైంది. పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం పుట్టిన ఆ బృందంలో కె.ఎస్. జగదీశ్, బి.వి. వెంకటరామరెడ్డి లాంటి ఇంజినీర్లు మట్టికి కాస్త సిమెంటు కలిపి యంత్రంలో అదిమే ఇటుకల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాటిని బట్టీలో కాల్చే పనే లేదు. ఆర్కిటెక్ట్ చిత్రా విశ్వనాథ్ విద్యారణ్యపురలో తన ఇంటిని 1995లో అలాంటి మట్టి ఇటుకలతోనే కట్టుకున్నారు. ఆ మట్టి కూడా అదే స్థలంలో తవ్వి తీసిందే. స్లాబులో కాంక్రీటు బరువు మోయని అడుగు భాగంలో పెంకులు పేర్చే ఫిల్లర్ స్లాబు కూడా ఇలాంటి ఇళ్లలో కనిపిస్తుంది. సిమెంటు ఆదా అవుతుంది, కప్పు గుండా దిగే వేడీ తగ్గుతుంది.

దోమలూరులో ఉన్న ఇంధన పరిశోధన సంస్థ టెరి భవనం ఇంకో పాఠం. ఆ స్థలానికి దక్షిణాన కంపుకొట్టే మురికికాలువ. అటు కిటికీలు పెట్టలేని పరిస్థితి. ఆర్కిటెక్ట్ సంజయ్ మోహె అటువైపు రెండు పొరల గోడ కట్టి, బయటి పొరకు నల్లటి కడప బండలు తొడిగారు. ఎండకు బండ కాగుతుంది, పొరల మధ్య గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ ఊపుకు ఉత్తరం వైపు నుంచి చల్లగాలి గదుల్లోకి వస్తుంది. వేడినే పనిలో పెట్టి చల్లదనాన్ని రప్పించారన్నమాట. తెలుగువాళ్లు వంటింటి గట్టుకు వేసుకునే బండే అది.

ఇప్పటికే కట్టేసిన ఇంటి మాటేమిటి? ముందు కప్పు సంగతి చూడాలి. పాతబడిన సిమెంటు కప్పు తన మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని మింగేస్తుంది. తెల్లపూత వేస్తే ఆ ఎండలో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. దుమ్ము పడితే గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా కడగాలి. తర్వాత రాత్రి గాలి. ఎదురెదురు కిటికీలకు దోమల జాలీ బిగించి, చీకటి పడగానే తెరిచి, పొద్దెక్కేలోపు మూసేయాలి. చుట్టూ వదలాల్సిన ఖాళీని మింగి, పక్కింటి గోడకు ఆనుకుని కట్టిన ఇంట్లో ఈ ఉపాయమూ పారదు. నగరం చేజేతులా చేసుకున్న నష్టాల్లో పెద్దది ఇదే.

కూలరు ఈ ఊరి పొడి మధ్యాహ్నాల్లో బాగానే పనిచేస్తుంది. కానీ గంటకు లీటర్ల కొద్దీ నీళ్లు కావాలి. 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేసిన నగరమిది. ఏసీ లోపలి వేడిని తీసి పక్కింటి కిటికీ ముందు పోస్తుంది. తప్పనిసరి అయినచోట 24 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను తోడుగా వేసుకోవడం మేలు.

నీడ సంగతి వేరే చెప్పాలి. బెంగళూరు వీధి చెట్ల మీద పర్యావరణ శాస్త్రవేత్త హరిణి నాగేంద్ర, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యాహ్నం చెట్లున్న చోట గాలి 5.6 డిగ్రీల దాకా, రోడ్డు ఉపరితలం 27.5 డిగ్రీల దాకా చల్లగా ఉన్నట్టు తేలింది. పడమటి గోడ ముందు ఒక్క కానుగ చెట్టు ఉన్నా ఆ ఇంటి సాయంత్రం మారిపోతుంది. భారతీయ విజ్ఞాన సంస్థకే చెందిన టి.వి. రామచంద్ర బృందం ఉపగ్రహ చిత్రాలతో కట్టిన లెక్కలో 1973 నాటికి నగరంలో పచ్చదనం 68 శాతం, కట్టడాలు 8 శాతం. 2012 నాటికి కట్టడాలే సగం దాటాయి.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఎండను వెనక్కి పంపే చలువ కప్పుల విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. బెంగళూరులో ఇలాంటి పని మొదలుపెడితే ముందు వరస ఎవరిదన్నది ముఖ్యం. యాదగిరి, రాయచూరు నుంచీ, సీమ పల్లెల నుంచీ వచ్చి ఈ స్లాబులు పోస్తున్న కూలీలు, కట్టడాల పక్కనే రేకుల షెడ్లలో కాపురముంటున్నారు. రేకు క్షణాల్లో కాగుతుంది, కింద పసిపిల్లలు ఉంటారు. రేకు మీద రెండు పూతల సున్నం, కింద జానెడు ఖాళీ వదిలి లోపల ఒక చాప కప్పు, గాలి ఆడేందుకు ఎదురెదురు రెండు కిటికీలు కావాలి. కోట్ల రూపాయల కట్టడంలో ఈ ఖర్చు లెక్కలోకే రాదు. దాన్ని కూలీ మీదో మేస్త్రీ మీదో వదలకుండా బిల్డరే భరించాలి, పని ఫిబ్రవరిలోనే పూర్తవ్వాలి.