పని అయ్యాక తెగిపోయే సబ్బు

శ్రీరాంపూర్‌లో షిఫ్టు ముగించుకుని బొగ్గుబాయి నుంచి పైకి వచ్చిన సింగరేణి కార్మికుడి ఒంటి మీద పొడి ఉత్త నీళ్లకు వదలదు. బొగ్గుకూ నీటికీ పొసగదు. సబ్బు అణువు తోక బొగ్గునూ నూనెనూ పట్టుకుంటుంది, తల నీటిని పట్టుకుంటుంది. తలా తోకా కలిసి ఉన్నంతసేపే అది సబ్బు.

మురికి వదిలాక ఆ అణువు ఏమవుతుంది? 1950లలో ఐరోపా, అమెరికా నదులు నురగలు కక్కాయి. అప్పటి డిటర్జెంట్లకు కొమ్మలున్న తోకలుండేవి, వాటిని బాక్టీరియా అంత తేలిగ్గా తినలేకపోయింది. 1960లలో తిన్నని తోకలకు మారాకే ఆ నురగ తగ్గింది. దీనికి మరో దారి ఉంది: తలకూ తోకకూ నడుమ, ఆమ్లం తగిలితే తెగే బంధాన్ని ముందే పెట్టడం.

సబ్బు నీళ్లలో నిమ్మకాయ పిండినా నురగ చచ్చి తెల్లటి తరకలు తేలతాయి. అయితే అక్కడ ఏదీ తెగలేదు. తల ఆవేశం పోగొట్టుకుంది, అంతే. క్షారం కలిపితే మళ్లీ సబ్బే.

నిజంగా తెగే బంధం మన కుంకుడుకాయలోనే ఉంది. అందులోని సపోనిన్లలో చక్కెరలు తల, హెడెరాజెనిన్ తోక. వాటిని కలిపేది అసిటాల్ బంధం. కాకపోతే అది మొండిది, గాఢమైన ఆమ్లంలో మరిగిస్తే గానీ తెగదు. అందుకే రసాయన శాస్త్రవేత్తలు దాని దగ్గరి చుట్టమైన కీటాల్‌ను ఎంచుకుంటారు. ప్రోటాన్ వచ్చి ఆక్సిజన్ మీద వాలుతుంది, బంధం సడలుతుంది, నీటి అణువు వచ్చి కలుస్తుంది. చివరికి మిగిలేవి ఒక కీటోన్, ఒక ఆల్కహాల్. ఇవి మళ్లీ వాటంతట అవి సబ్బు కాలేవు.

ఈ బంధం క్షారంలో చెక్కుచెదరదు, ఉతుకు నీళ్లు క్షారమే కాబట్టి ఇది బాగా కలిసొచ్చింది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే తెగే వేగం పది రెట్లవుతుంది. పీహెచ్ 5లో గంటలో సగం తెగేది, 8లో అంతే తెగడానికి 1000 గంటలు, అంటే 41 రోజులకు పైగా పడుతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఋణావేశపు తలలున్న అణువులు గుంపుకడితే ఆ గుంపు ప్రోటాన్లను తన చుట్టూ లాక్కుంటుంది, తెగడం త్వరపడుతుంది. ధనావేశపు తలలైతే వాటిని తరిమేస్తాయి. కాబట్టి బంధాన్ని ఒక్కదాన్నే చూస్తే చాలదు, తలనూ చూసుకోవాలి.

ప్రోటీన్లను పరీక్షించే ప్రయోగశాలల్లో ఇలా తెగే సబ్బులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. ప్రోటీన్‌ను కరిగించిన సబ్బు మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అడ్డం వస్తుంది. పీహెచ్ 2 దగ్గర, 37 డిగ్రీల వేడిలో ముప్పావు గంట ఉంచితే అది తెగి తప్పుకుంటుంది. ఒంటి సబ్బుకు మాత్రం ఇంత సున్నితమైన బంధం పనికిరాదు. చర్మమే స్వల్పంగా ఆమ్లం, చెమటా అంతే. బాయి నుంచి వచ్చిన మనిషి రుద్దుకునేంతసేపు నిలిచి, మురుగునీటిలోకి చేరాక తెగే బంధం కావాలి.